‘చెట్టు’ అంటే ఏది? మాట అర్థం మనిషి మనిషికీ మారితే ఏం చేయాలి?

నీలిసిరా

పిల్లల కోసం ఒక నిఘంటువు తయారవుతోంది. నా వాటాకి వచ్చిన మాటల్లో ‘చెట్టు’ ఉంది. ‘మాను, కొమ్మలు ఉండి ఎత్తుగా పెరిగేది’ అని రాసి పంపితే ముగ్గురు సమీక్షకులు మూడు దారుల్లో లాగారు. అరటికి కొమ్మలెక్కడివి, అయినా అరటి చెట్టు అంటాం కదా అని ఒకరు. తులసి చెట్టు నడుమెత్తు కూడా పెరగదు కదా అని ఇంకొకరు. తులసిని చెట్టు అనడమే తప్పు, అది మొక్క అని మూడో ఆవిడ. ముగ్గురూ పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతున్నవాళ్ళే. తమ మాట మీద ముగ్గురికీ అనుమానం లేదు.

ఇలాంటి చోట సరైన అర్థం అనేది ఒకటి ఉంటుందా, లేక ఎవరి అర్థం వాళ్ళదేనా? కాగ్నిటివ్ లింగ్విస్టిక్స్‌లో, అంటే మనసు పనిచేసే తీరుతో కలిపి భాషని చూసే శాస్త్రంలో, దీని మీద చాలా పని జరిగిందని విన్నాను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెబితే మేలు.

మొలకమ్మ

వృక్షశాస్త్రం పాఠాలు చెబుతాను కాబట్టి ముందు నా వైపు నుంచి ఒక మాట. ‘శాస్త్రం ఏమంటుందో చూసి రాసేయండి’ అని ఎవరో ఒకరు అంటారు. అది మీకు పనికిరాదు. మా వర్గీకరణలో ‘చెట్టు’ అనే విభాగమే లేదు. అది పెరిగే తీరు మాత్రమే. ఒకదానితో ఒకటి దగ్గరి చుట్టరికం లేని ఎన్నో కుటుంబాల్లో విడివిడిగా చెట్లు తయారయ్యాయి. చింత, పెసర రెండూ ఒకే కుటుంబం, ఫాబేసీ. ఒకటి మహావృక్షం, ఇంకోటి పిల్లవాడు పీకేయగల మొక్క. వెదురు గడ్డి కుటుంబానిది. అరటికి మనం మాను అనుకునేది నిజానికి ఆకుల తొడుగులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని నిలబడ్డది, అందులో కలప ఉండదు.

కాబట్టి చెట్టుని చెట్టు అన్నది మనుషులే. జవాబు మనుషుల దగ్గరే వెతకాలి.

వేరుమూలం

నీలిసిరా గారూ, మీరు రాసిన నిర్వచనం వెనుక ఒక పాత నమ్మకం ఉంది. ఒక మాట వర్తించాలంటే ఫలానా లక్షణాలు ఉండి తీరాలి, అవన్నీ ఉంటే ఇక వేరేవి అక్కర్లేదు, లోపలున్నవన్నీ సమానంగా లోపలివే. అరిస్టాటిల్ కాలం నుంచీ వస్తున్న లెక్క ఇది. దీన్ని గట్టిగా కదిపినవాడు తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్. ఆయన పోయాక, 1953లో అచ్చయిన పుస్తకంలో ‘ఆట’ అన్న మాటని ఎత్తుకుని, ఆటలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఏదో చూడమన్నాడు. చదరంగంలో గెలుపోటములున్నాయి. పిల్లవాడు ఒక్కడే గోడకి బంతి కొట్టి పట్టుకునే ఆటలో లేవు. కొన్నిటికి నైపుణ్యం కావాలి, కొన్నిటికి అదృష్టం చాలు. ఒక కుటుంబంలో ఒకరికి తాత ముక్కు, ఇంకొకరికి నాయనమ్మ కళ్ళు వచ్చినట్టు పోలికలు అల్లుకుని ఉంటాయి తప్ప అందరికీ చెందిన ఒకే పోలిక దొరకదు అన్నాడు.

అది తత్వవేత్త మాట. దాన్ని ప్రయోగశాలకి తెచ్చింది మనస్తత్వ శాస్త్రవేత్త ఎలనార్ రాష్, 1970లలో. ‘పక్షి’ అన్న వర్గానికి ఈ పిట్ట ఎంత మంచి ఉదాహరణ, ఒకటి నుంచి ఏడు దాకా వేయండి అని విద్యార్థులని అడిగింది. అమెరికాలో అందరూ రోజూ చూసే రాబిన్ ఒక కొసన, పెంగ్విన్ ఇంకో కొసన తేలాయి. ఇంకా ముఖ్యమైనది, ఈ మార్కులు వేరే పరీక్షల్లో కూడా అదే వరసలో కనబడ్డాయి. ‘రాబిన్ పక్షి, అవునా కాదా’ అంటే చటుక్కున అవునంటారు, పెంగ్విన్ దగ్గర ఆలస్యమవుతుంది. పక్షుల పేర్లు చెప్పమంటే మంచి ఉదాహరణలే ముందు నోటికొస్తాయి. వర్గానికి నడిబొడ్డు ఉంటుంది, అక్కణ్ణుంచి దూరం పోతున్నకొద్దీ సభ్యత్వం పలచబడుతుంది. ఆ నడిబొడ్డునే ప్రోటోటైప్ అంటున్నారు.

మీ సమస్యకి ఇంకా దగ్గరగా వచ్చిన పని అమెరికా భాషావేత్త విలియం లబోవ్‌ది, 1973. కప్పు లాంటి పాత్రల బొమ్మలు వరసగా గీయించాడు. లోతు అంతే ఉంచి వెడల్పు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. ‘దీన్ని ఏమంటారు?’ అని అడిగాడు. ఏదో ఒక గీత దగ్గర అందరూ ఒక్కసారిగా ‘కప్పు’ మానేసి ‘గిన్నె’ అనలేదు. కప్పు అనేవాళ్ళు మెల్లగా తగ్గారు, గిన్నె అనేవాళ్ళు మెల్లగా పెరిగారు. తరువాత అవే బొమ్మల్లో కాఫీ ఉందనుకోమన్నాడు, కూర ఉందనుకోమన్నాడు, పూలు ఉన్నాయనుకోమన్నాడు. తిండి ఉందనుకోగానే అదే బొమ్మ గిన్నె వైపు జరిగింది. అంటే ఆకారమూ వాడుకా రెండూ కలిసే పేరుని తేలుస్తున్నాయి.

మీ సమీక్షకులు చెప్పినవి అన్నీ ఈ చిత్రంలో ఇముడుతాయి. మామిడి, వేప, రావి నడిమధ్య. అరటి, వెదురు కాస్త ఎడంగా. తులసి పొలిమేరలో. పొలిమేరలో అభిప్రాయభేదం రావడం మామూలే.

పాతబాట

ఈ ఆలోచన మన శాస్త్రాలకి కొత్త కాదు. ‘పంకజం’ అన్న మాటని విడగొడితే బురదలో పుట్టినది అని అర్థం. బురదలో పుట్టేవి ఎన్నో. అయినా తామరకే ఆ పేరు. దీన్ని యోగరూఢి అన్నారు. అవయవాల అర్థం ఒక హద్దు గీస్తే, వాడుక అందులో ఒక ముక్కనే ఏరుకుంటుంది. మాట నేరుగా చెప్పేది అభిధ, పక్కకి జరిగి చెప్పేది లక్షణ, ధ్వనించేది వ్యంజన అని అర్థానికి మెట్లు కూడా కట్టారు. ఆ చర్చని పక్కన పెట్టి పడమటి ప్రయోగాలతోనే కథ మొదలుపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

విషయానికొస్తే, వేరుమూలం గారు చెప్పిన మార్కుల పద్ధతి మీద నాకు అనుమానం ఉంది. ఏ పిట్ట ముందు గుర్తొస్తుందన్నది జ్ఞాపకానికి సంబంధించిన సంగతి. పెంగ్విన్ పక్షి అవునా కాదా అంటే ఎవరైనా అవుననే అంటారు. అర్థం అక్కడ ఉంది.

కొలతబద్ద

పాతబాట గారి అనుమానాన్ని 1983లోనే పరీక్షకి పెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్, ఇద్దరు గ్లైట్‌మన్‌లు కలిసి, నిర్వచనం గట్టిగా ఉన్న వర్గాలని తీసుకున్నారు. బేసి సంఖ్య అంటే రెండుతో భాగిస్తే ఒకటి మిగిలేది, అంతే. అయినా ‘ఇది ఎంత మంచి బేసి సంఖ్య’ అని అడిగితే జనం మార్కులు వేశారు, 3కి పెద్ద బేసి సంఖ్యల కంటే మంచి మార్కులొచ్చాయి! కాబట్టి మార్కుల్లో తేడా వచ్చినంత మాత్రాన వర్గం హద్దులు పలచన అని తేల్చేయలేం.

వేరుమూలం

ఒప్పుకుంటాను. రాష్ కూడా 1978 వ్యాసంలో స్పష్టంగానే చెప్పింది, ప్రోటోటైప్‌ల గురించిన ఈ ఫలితాలు మనసులో అర్థం ఏ రూపంలో దాచి ఉందో చెప్పవని. తరువాత వచ్చినవాళ్ళే ఎక్కువ చదువుకున్నారు వాటిలోంచి. అయితే మంచి ఉదాహరణ కావడం వేరు, సభ్యత్వం వేరు అని విడదీశాక కూడా, హద్దే నిజంగా చెదిరిన మాటలు మిగులుతాయి.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ‘అబద్ధం’. 1981లో కోల్‌మన్, కే అనే ఇద్దరు ఎనిమిది చిన్న కథలు రాశారు. అబద్ధంలో మూడు పాళ్ళున్నాయి. చెప్పింది నిజం కాదు. నిజం కాదని చెప్పేవాడికి తెలుసు. ఎదుటివాడిని మోసపుచ్చాలన్న ఉద్దేశం ఉంది. ఒక్కో కథలో వీటిలో కొన్ని పెట్టి, కొన్ని తీసేసి, ఇది అబద్ధమేనా అని అడిగారు. మూడూ ఉంటే అందరూ అవునన్నారు, మూడూ లేకపోతే కాదన్నారు. మధ్యలో మాత్రం తేడాలొచ్చాయి. అన్నిటికంటే బరువైనది చెప్పేవాడి నమ్మకమని తేలింది, తరువాత మోసం ఉద్దేశం. చెప్పింది వాస్తవంగా నిజమా కాదా అన్నది అన్నిటికంటే తేలికైనది. నిఘంటువుల్లో ముందు రాసేదేమో అదే!

పాతబాట గారూ, ‘అర్థం అక్కడ ఉంది’ అని మీరన్న చోటు ఈ మాటకి ఎక్కడుందో చెప్పండి. నాకైతే ఆ మూడు పాళ్ళ తూకంలోనే కనబడుతుంది.

ప్రశ్నార్థకం

ఇంతసేపూ ‘జనం అన్నారు’, ‘అందరూ అన్నారు’ అంటున్నారు. ఏ జనం? అమెరికా విద్యార్థుల నడిబొడ్డు ప్రపంచం నడిబొడ్డు అవుతుందా? నీలిసిరా గారి ముగ్గురు సమీక్షకులే ఒక్కటి కాలేకపోయారు కదా.

వేరుమూలం

అసలు ప్రశ్న అదే. ఈ శాస్త్రంలో చాలాకాలం పక్కన పడి ఉన్నదీ అదే. అర్థం మనసులో ఉంటుంది అని మొదలుపెట్టారు సరే. ఎవరి మనసు అన్నప్పుడు మాత్రం ఊహలోని ఒక సగటు భాషావ్యవహర్తని కూర్చోబెట్టి ముందుకెళ్ళారు.

తేడా ఎంత లోతుకి పోతుందో చెట్ల విషయంలోనే ఒక మంచి సాక్ష్యం ఉంది. బ్రెంట్ బెర్లిన్, అతని సహచరులు మెక్సికోలో త్సెల్తాల్ భాష మాట్లాడేవాళ్ళు మొక్కలకి పేర్లు పెట్టే తీరుని పరిశీలించి 1974లో పుస్తకం వేశారు. అక్కడ మనుషులు చప్పున వాడే పేరు మన వేప, రావి లాంటి మెట్టు మీద ఉంది. రాష్ బృందం 1976లో అమెరికా విద్యార్థులని పరీక్షించినప్పుడు కూడా అదే మెట్టు వస్తుందనుకున్నారు. రాలేదు. వాళ్ళకి సహజమైన మెట్టు ‘చెట్టు’, ‘పక్షి’, ‘చేప’ దగ్గరే ఆగిపోయింది. చెట్లతో రోజూ పనిలేనివాళ్ళకి చెట్టు చెట్టే, అది ఓకా మేపులా అన్నది తరువాతి మాట.

1991లో టనాకా, టేలర్ దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. పక్షుల నిపుణులనీ కుక్కల నిపుణులనీ పట్టుకొచ్చి, ఎవరి రంగంలో వాళ్ళు ఎంత వేగంగా గుర్తిస్తారో చూశారు. తమ రంగంలో నిపుణులు ఫలానా జాతి అని గుర్తించే వేగం, పక్షి లేదా కుక్క అని గుర్తించే వేగంతో సమానమైంది. తమది కాని రంగంలో వాళ్ళూ మామూలు మనుషులే. ఒకే భాష, ఒకే మాట. బతుకులో ఆ వస్తువుతో ఎంత పరిచయం ఉందన్న దాన్ని బట్టి మాట బరువు మారింది.

నీలిసిరా

ఇది చదివాక నా సమీక్షకుల గురించి వేరేగా ఆలోచించాల్సి వస్తోంది. తులసి మొక్కే అని పట్టుబట్టిన ఆవిడ పిల్లలకి సైన్సు పాఠ్యపుస్తకాలు రాస్తారు. ఆ పుస్తకాల్లో మొక్క, పొద, చెట్టు అని మూడు గళ్ళు ఉంటాయి. తులసి చెట్టు అన్నవారికి నేలలోంచి మొలిచి నిలబడేదల్లా చెట్టే. మల్లె చెట్టు, గులాబీ చెట్టు, మిరప చెట్టు అని ఆయన నోట సహజంగా వస్తాయి. ఆయనకి ‘మొక్క’ అంటే లేత వయసు. మామిడి మొక్క పెరిగి మామిడి చెట్టవుతుంది. ఆవిడకి ‘మొక్క’ అంటే రకం, ఆయనకి ‘మొక్క’ అంటే దశ!

మొలకమ్మ

తరగతిలో నాకు రోజూ ఎదురయ్యేది ఇదే అండీ. ‘మొక్కలన్నీ కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటాయి’ అంటే ఒక పిల్ల లేచి ‘మరి చెట్లో?’ అంటుంది. ఆ పిల్ల ప్రశ్నలో తప్పు లేదు. మేం ‘మొక్క’ అన్న మాటని ఇంకో అర్థంలోకి, మొత్తం వృక్షజాతి అంతా అనే అర్థంలోకి సాగదీశాం, చెప్పకుండా.

కొలతబద్ద

ఇప్పుడు చర్చ రెండు పాయలైంది, కలిపేస్తే చిక్కు పడుతుంది. ‘చెట్టు అన్న మాట ఏయే వస్తువులకి వర్తిస్తుంది?’ అన్నది ఒక ప్రశ్న. మాట నుంచి వస్తువు వైపు నడక. ‘తులసి అనే ఈ వస్తువుని ఎవరెవరు ఏమంటారు?’ అన్నది ఇంకో ప్రశ్న. వస్తువు నుంచి మాట వైపు నడక. పాతబాట గారికి ఇది వెంటనే తెలుస్తుంది. అమరకోశంలో ఎక్కువ భాగం రెండో నడకే, ఒక భావం తీసుకుని దాని పేర్లన్నీ చెబుతుంది. మూడో కాండలోని నానార్థవర్గం మొదటి నడక, ఒక మాట తీసుకుని దాని అర్థాలు చెబుతుంది.

బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన డిర్క్ గీరార్ట్స్ ఈ రెండు నడకలనీ ఒకే చోట కలిపి లెక్కగట్టాలన్నాడు. 1994లో సహరచయితలతో కలిసి దుస్తుల పేర్ల మీద ఒక పుస్తకం తెచ్చాడు. పత్రికల్లో బొమ్మతో సహా దొరికిన ప్రయోగాలని పోగు చేశారు. బొమ్మ ఉంది కాబట్టి ఏ మాట ఏ వస్తువుని సూచిస్తోందో ఊహించాల్సిన పని లేదు. పొడవెంత, బిగుతా వదులా, ఏ గుడ్డ అని ఒక్కోదాన్నీ నమోదు చేశారు. అప్పుడే కొత్తగా వచ్చిన లెగ్గింగ్ అన్న మాటని చూస్తే, మొదట్లో దాని వర్తింపు ఒక చిన్న గుంపు చుట్టూ ఉంది, ఏళ్ళు గడిచేకొద్దీ నడిబొడ్డు అక్కడే ఉండి అంచులు విస్తరించాయి. ప్రోటోటైప్ అన్నది కాలంలో ఎలా సాగుతుందో అచ్చు కాగితం మీద చూపించారు.

ఇక భాషాభేదం. డచ్చి భాషని నెదర్లండ్స్‌లోనూ మాట్లాడతారు, బెల్జియం ఉత్తర భాగంలోనూ మాట్లాడతారు. రెండు చోట్లా పదజాలం దగ్గరవుతోందా, దూరమవుతోందా అన్నది ప్రశ్న. ఊరికే మాటలు లెక్కపెడితే మోసపోతాం. ఒక పత్రికలో ప్యాంట్ల గురించి ఎక్కువ రాస్తే ఆ మాటలే ఎక్కువ వస్తాయి, అది భాషాభేదం కాదు, విషయభేదం. అందుకని ఒక్కో భావాన్ని గట్టిగా పట్టుకుని, ఆ భావం వచ్చిన ప్రతిచోటా ఏ పేరు వాడారో చూశారు. పోలిక లెక్క చాలా సులువు. ఒక వర్గం వాళ్ళు ఒక వస్తువుని నూటికి 60 సార్లు మొదటి పేరుతో, 40 సార్లు రెండో పేరుతో పిలిచారనుకుందాం. ఇంకో వర్గంలో అది 30, 70. రెండు పేర్లలో ఒక్కోదానికీ ఉమ్మడిగా ఉన్న తక్కువ అంకె తీసుకోండి, 30, 40. కలిపితే 70 శాతం ఏకరూపత. ఎన్నో భావాలకి ఇలా కట్టి సగటు చూస్తారు. దుస్తుల పేర్లు, ఫుట్‌బాల్ మాటలు తీసుకుని 1950, 1970, 1990 నాటి పత్రికలని ఇలా పోల్చి చూస్తే, రెండు డచ్చిలూ దగ్గరయ్యాయని తేలింది.

నాకు ఈ పద్ధతి మీద ఉన్న ఇష్టం దాచుకోను. అర్థాన్ని స్థిరంగా పట్టుకోకుండా భేదాన్ని కొలవలేం. భేదాన్ని చూడకుండా అర్థాన్ని వర్ణించలేం. రెండు పనులూ ఒకరే చేయాలి.

పాతబాట

కొలతబద్ద గారూ, తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. పనిముట్టు ఏదో, దాని భాగం ఏదో తేల్చుకుని ఆ తరువాత అక్కడి పేరేమిటని అడిగారు. మీరు చెప్పిన రెండో నడక అది. వృత్తి పదాలు ఎంచుకోవడంలో వివేకం ఉంది. నాగలి చేతిలో ఉంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. రెండు చోట్లవాళ్ళు వేరే మాటలంటే అవి నిజంగా ఒకే వస్తువు పేర్లేనని నమ్మవచ్చు.

చూపించలేని వాటి సంగతేమిటి? జాలి, దయ, కనికరం, కరుణ. ఇవి ఒకే భావానికి నాలుగు పేర్లా, నాలుగు భావాలా?

వేరుమూలం

పాతబాట గారు చాలా కీలకమైన చోట వేలు పెట్టారు. మనుషుల మధ్య భాష ఎలా మారుతుందో కొలిచే లబోవ్ సంప్రదాయంలో భాషాభేదం అంటే ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్పడం. ధ్వనుల దగ్గర ఇబ్బంది లేదు. ఒక మాటని రెండు రకాలుగా పలికినా అర్థం అదే. అదే పద్ధతిని మాటలకీ వాక్యాలకీ తీసుకుపోతే ‘అదే అర్థం’ అని ఎవరు హామీ ఇస్తారని 1978లో బియాత్రిస్ లవందేరా నిలదీసింది. ఆ ప్రశ్న ఇప్పటికీ బతికే ఉంది.

ఒక దారి ఏమిటంటే, పెద్ద పాఠ్యసంచయంలో, అంటే పోగు చేసిన రాతల రాశిలో, ఆ మాట చుట్టూ ఏ మాటలు వస్తున్నాయో చూడటం. ‘జాలి’ పడతాం, ‘దయ’ చూపుతాం, దయచేసి అంటాం, ‘జాలిచేసి’ అనం. ‘నీ జాలి నాకక్కర్లేదు’ అంటే దెబ్బ తగులుతుంది, ‘కరుణ’ పెడితే ఆ దెబ్బ తగలదు. ఇరుగుపొరుగు మాటల్ని ఇలా వేల వాక్యాల్లో లెక్కగడితే ఎక్కడ ఒకదాని బదులు ఒకటి నిజంగా సరిపోతుందో, ఎక్కడ సరిపోదో కనబడుతుంది. లూవెన్‌లో ఇప్పుడు ఈ పని కంప్యూటర్‌తో చేస్తున్నారు.

ప్రశ్నార్థకం

ఒక మాటకి ఇన్ని అర్థాలు ఎందుకు వస్తాయో కూడా అడగాలనుంది. చెయ్యి పట్టుకున్నాడు. తుప్పు పట్టింది. నిద్ర పట్టింది. మూడు గంటలు పట్టింది. పది కిలోలు పట్టే సంచి. వాడికి అదేమీ పట్టదు. ఇవన్నీ ఒకే ‘పట్టు’ అంటారా?

వేరుమూలం

ఒక గొలుసు గీయవచ్చు. చేతితో ఒడిసిపట్టడం నడిబొడ్డు. తుప్పు ఇనుముని అంటుకుని వదలదు, పిచ్చి మనిషిని వదలదు, అక్కడ పట్టేది వస్తువో స్థితో, పట్టుబడేది ఇనుమో మనిషో. నిద్ర కూడా అలాగే వచ్చి పట్టుకుంటుంది. సంచి తనలో ఇముడ్చుకుంటుంది. పని గంటల్ని మింగుతుంది. లేకాఫ్, బ్రగ్‌మన్ అనే భాషావేత్తలు 1980లలో ఇంగ్లీషు ‘ఓవర్’ మీద ఇలాంటి వలే అల్లారు, నడి అర్థం నుంచి నలువైపులకీ కొమ్మలు.

కొలతబద్ద

గీయడం సులువు, అందుకే భయం. 1995లో సాండ్రా, రైస్ ఇలాంటి వలల మీద ఒక వ్యాసం రాసి, అవి ఎవరి మనసుకి అద్దం పడుతున్నాయి, భాషావేత్త మనసుకా, మాట్లాడేవాడి మనసుకా అని అడిగారు. మూడు గంటలు ‘పట్టింది’ అంటున్నప్పుడు మనకి చెయ్యి గుర్తొస్తుందా? ‘గంటలు’ బహువచనం, క్రియ మాత్రం ‘పట్టింది’ అని ఏకవచనంలోనే నిలబడింది చూడండి. ఆ వాక్యం ఎప్పుడో తన దారి తాను చూసుకుంది.

ఇంకో సంగతి. వర్తమానంలో ‘వాన పడుతుంది’, ‘నిద్ర పడుతుంది’ రెండూ ఒకేలా వినిపిస్తాయి. గతంలోకి వెళితే ‘వాన పడింది’, ‘నిద్ర పట్టింది’ అని విడిపోతాయి. పడు, పట్టు రెండూ ఒక రూపంలో కలిసిపోయిన చోట పిల్లలు వాటిని ఒకే మాటగా నేర్చుకుంటున్నారా, రెండుగానా? గీతలు గీసి తేల్చలేం, పిల్లల మాటలు రికార్డు చేసి వినాలి.

ప్రశ్నార్థకం

సరే, ఇంకొకటి. ‘బుధవారం మీటింగ్‌ని రెండు రోజులు ముందుకు జరిపారు’ అంటే నాకు సోమవారం. మా అన్నయ్యకి శుక్రవారం. ఒకే ఇంట్లో పెరిగాం. దీన్ని మాండలికం అనలేం కదా?

వేరుమూలం

అనలేం. ఇంగ్లీషులో ఇదే వాక్యం దాదాపు సగం మందికి సోమవారం, సగం మందికి శుక్రవారం. కాలం మన వైపు వస్తోందనుకుంటే ఒక జవాబు, మనం కాలంలో ముందుకు నడుస్తున్నామనుకుంటే ఇంకో జవాబు. 2002లో బొరొడిట్‌స్కీ, రామ్‌స్కర్ విమానాశ్రయంలో ఈ ప్రశ్న అడిగితే, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాళ్ళ కంటే అప్పుడే విమానం దిగినవాళ్ళు శుక్రవారం ఎక్కువగా అన్నారు. ఒకే మనిషిలో కూడా, ఆ నిమిషాన ఏం చేసి వచ్చాడన్న దాన్ని బట్టి అర్థం కదులుతుంది. భేదం అనగానే ఊళ్ళు, కులాలు, వయసులు అనుకుంటాం. అది మనిషి లోపల కూడా ఉంది.

పాతబాట

ఇవన్నీ విని నేను ఒక దగ్గర నిలబడదలిచాను. నిఘంటువు పిల్లల చేతికి వెళుతుంది. ‘కొందరికి ఇలా, కొందరికి అలా’ అని రాస్తే పిల్లవాడు దేన్ని పట్టుకోవాలి? ప్రమాణం చెప్పడం నిఘంటుకారుడి ధర్మం. పరిశోధకుడు భేదాన్ని కొలవనీ, పిల్లవాడికి ఒక నేల కావాలి.

మొలకమ్మ

పాతబాట గారూ, నేల ఇద్దాం. కానీ అరటి చెట్టు అన్న పిల్లని తప్పు అన్నామంటే, ఆ పిల్ల ఇంట్లో విన్న తెలుగునంతా తప్పు అన్నట్టే అవుతుంది. అది నేను ఒప్పుకోలేను. వేపని ముందు చూపించి, అరటిని ‘దీన్ని కూడా చెట్టు అంటాం’ అని చూపిస్తే పిల్లకి నేలా దొరుకుతుంది, అంచూ తెలుస్తుంది.

పాతబాట

వేపతో మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. తులసి దగ్గర మాత్రం నా మాట మారదు.

నీలిసిరా

ప్రస్తుతానికి ఇలా తిరగరాశాను: ‘చెట్టు: నేలలో పాతుకుని నిలబడి పెరిగేది. వేప, మామిడి, రావి లాంటి వాటికి గట్టి మాను, కొమ్మలు ఉంటాయి. అలాంటి మాను, కొమ్మలు లేకపోయినా నిలువుగా పెరిగే అరటిని, వెదురుని కూడా చెట్లు అంటాం. తులసి, గులాబీ లాంటి చిన్నవాటిని కొందరు చెట్టు అని, కొందరు మొక్క అని అంటారు.’ చివరి వాక్యం మీద సమీక్షకులతో పోట్లాడాలి. ‘కొందరు’ అన్న మాటకి ఆధారం చూపించమంటారు. కొలతబద్ద గారూ, లబోవ్ లాంటి పరీక్ష ఒకటి చిన్నగా మనమే చేయవచ్చా?

కొలతబద్ద

తప్పకుండా. బొమ్మలు చూపించి ‘ఇది చెట్టా, మొక్కా?’ అని మాత్రం అడగవద్దు. రెండు మాటలూ మీరే అందించేస్తే మూడోది వాళ్ళ నోట రాదు. ‘దీన్ని ఏమంటారు?’ అని వదిలేయండి. తులసి అని ఊరుకుంటే ‘తులసి... ఏమిటి?’ అని ఒకసారి కదపండి. ఎత్తు తెలియడానికి ప్రతి బొమ్మలో పక్కన ఒకే మనిషి ఉండాలి. బొమ్మల వరస ఒక్కొక్కరికీ మార్చండి, లేకపోతే ముందు చూసిన మర్రి తరువాత చూసే తులసిని చిన్నది చేస్తుంది. సందర్భం కూడా రెండు రకాలుగా పెట్టండి, ఒకసారి పెరట్లో ఉందని, ఒకసారి పాఠ్యపుస్తకంలో ఉందని చెప్పి. సమాధానం ఇచ్చినవాళ్ళ వయసు, చదువు, మొక్కలతో పని ఉందా లేదా రాసుకోండి. పేర్లు అక్కర్లేదు. వచ్చిన జవాబులు ఇక్కడే పెడితే ఏకరూపత లెక్క నేను కట్టిపెడతాను.

మొలకమ్మ

బొమ్మలు నేను గీయిస్తాను. వేప, వెదురు, అరటి, బొప్పాయి, తులసి, గులాబీ, మల్లె, కొబ్బరి. వీటితోపాటు ఆముదం తప్పనిసరిగా ఉండాలి. అదే జాతి ఒక చోట నడుమెత్తు మొక్కగా ఉంటుంది, వదిలేస్తే ఇంకో చోట చిన్న చెట్టంత అవుతుంది. రెండు ఎత్తుల్లో రెండు బొమ్మలు పెడదాం, ఒకే ఆకు, ఒకే కాయ కనబడేలా. రకాన్ని బట్టి పేరు పెట్టేవాళ్ళు రెండిటికీ ఒకే మాట అంటారు, ఎత్తుని బట్టి పెట్టేవాళ్ళు మారుస్తారు. నీలిసిరా గారూ, మీ సమీక్షకులు ముగ్గురికీ ముందు ఈ రెండు బొమ్మలే పంపి చూడండి.